డెన్మార్క్‌లో చిరాకులు, చిరుతిళ్లు, జనం మీద ముద్రలు: తరచుగా అడిగే ప్రశ్నలు

చదువుకో ఉద్యోగానికో డెన్మార్క్ వచ్చే తెలుగువాళ్లు వీసా గురించీ అద్దెల గురించీ ముందే ఎవరో ఒకరిని అడిగి తెలుసుకుంటారు. వచ్చాక వేరే ప్రశ్నలు మొదలవుతాయి. ఆ సైకిలాయన నన్ను చూసి గంట ఎందుకు కొట్టాడు? ఈ నల్ల మిఠాయి ఏమిటి ఇంత ఉప్పగా ఉంది? స్వీడన్ పేరెత్తితే ఆఫీసులో అందరూ ఎందుకు నవ్వారు? ఆగస్టులో కొత్త బ్యాచ్ దిగిన ప్రతిసారీ ఇవే వినిపిస్తాయి. ఇక్కడివాళ్ల వైపు నుంచి చూస్తే వీటిలో చాలావాటికి కారణం ఉంటుంది. అందుకే ఈ జవాబులు. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి.

## రాకముందు

ప్రపంచంలో అందరికన్నా సంతోషంగా ఉండేది డెన్మార్క్ వాళ్లేనట, నిజమేనా?

ప్రపంచ సంతోష నివేదికలో డెన్మార్క్ 2012, 2013, 2016లో మొదటి స్థానంలో నిలిచింది. 2018 నుంచి ఆ స్థానం ఫిన్లాండ్‌ది, డెన్మార్క్ దాని వెనకే ఉంటోంది. అయితే అది నవ్వు ముఖాలు చూసి వేసిన లెక్క కాదు. సున్నా నుంచి పది దాకా మెట్లున్న నిచ్చెన ఉందనుకోండి, మీ జీవితం ఇప్పుడు ఏ మెట్టు మీద ఉంది అని అడుగుతారు. ఆసుపత్రి బిల్లు, పిల్లల ఫీజు, ఉద్యోగం పోతే ఎలా అన్న టెన్షన్ తక్కువ ఉన్నవాళ్లు పై మెట్టే చెబుతారు. అలాగని జనవరి ఉదయం బస్సెక్కితే ఒక్కరి ముఖంలోనూ నవ్వు కనబడదు. రెండూ నిజమే.

వాళ్లు చాలా ముభావంగా ఉంటారంటున్నారు. మాతో అసలు మాట్లాడరా?

అడిగితే బాగా మాట్లాడతారు. దారి అడిగి చూడండి, ఆగి, ఫోన్ తీసి, మ్యాప్‌లో చూపించి మరీ చెబుతారు. వాళ్లంతట వాళ్లు పలకరించరు, అంతే. అవతలి మనిషిని ఇబ్బంది పెట్టకూడదన్నది చిన్నప్పటి నుంచి ఒంటబట్టిన అలవాటు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్న మనిషి దిగాలనుకుంటే, "కాస్త జరుగుతారా" అనడానికి కూడా మొహమాటపడి, సంచి సర్దుకుంటూ కోటు గుండీలు పెట్టుకుంటూ ఉంటాడు. పక్కవాళ్లు గ్రహించి లేవాలి. దీన్ని పొగరనుకుంటే మొదటి ఏడాదంతా ఊరికే బాధపడతాం. నాకు అర్థమైనంత వరకు ఇక్కడి చిరాకుల్లో సగానికి మూలం ఇదే: ఎవరి చోటు వాళ్లది, దాంట్లోకి ఎవరైనా వస్తే కోపం, ఆ కోపాన్ని పైకి చెప్పాలంటే మొహమాటం.

చలికాలం నిజంగా అంత కష్టమా?

చలి కన్నా చీకటి కష్టం. డిసెంబరు మూడో వారంలో కోపెన్‌హేగన్‌లో సూర్యుడు ఉదయం 8:40 ప్రాంతంలో వచ్చి, మధ్యాహ్నం 3:40కల్లా వెళ్లిపోతాడు. ఉష్ణోగ్రత ఎక్కువగా సున్నాకు అటూ ఇటూ ఉంటుంది. కానీ సముద్రం మీంచి వచ్చే గాలికి వాన అడ్డంగా కొడుతుంది, గొడుగు నిలవదు. ఇక్కడివాళ్లు గొడుగు మీద డబ్బు పెట్టరు. మంచి వానకోటు, వానప్యాంటు కొంటారు, మీరూ అదే చేయండి. నవంబరు అంటే వాళ్లకీ విసుగే. సాయంత్రాలు ఇంట్లో కొవ్వొత్తులు వెలిగించుకుని కూర్చునేది కూడా అందుకే. జూన్‌లో మాత్రం రాత్రి పది దాకా వెలుతురు ఉంటుంది, అప్పుడు ఎవరూ ఇంట్లో ఉండరు.

## రోడ్డు మీద, రైల్లో, షాపులో

సైకిల్ దారిలో రెండడుగులు వేసినందుకే అంత కోపమా?

కోపెన్‌హేగన్‌లో సైకిల్ దారి ఫుట్‌పాత్‌లో భాగం కాదు. కార్ల రోడ్డు కన్నా కాస్త ఎత్తుగా, ఫుట్‌పాత్ కన్నా కాస్త కిందుగా ఉండే మూడో రోడ్డు అది. ఉదయం ఎనిమిదింటికి అందులో వెళ్లేవాళ్లు షికారుకు బయల్దేరినవాళ్లు కాదు. ఆఫీసుకు వెళ్తుంటారు, ముందు పెట్టెలో పిల్లల్ని కూర్చోబెట్టుకుని డేకేర్‌లో దింపడానికి వెళ్తుంటారు. మీరు ఫోన్ చూసుకుంటూ అందులోకి దిగితే వెనక వరసగా వస్తున్న వాళ్లందరూ బ్రేకు వేయాలి. గంట కొట్టారంటే తిట్టినట్టు కాదు, పక్కకు జరగమని.

సైకిలు తొక్కడం మొదలుపెట్టాక తెలియాల్సినవి కొన్ని ఉన్నాయి. కుడి అంచున వెళ్లాలి, ముందువాళ్లను ఎడమవైపు నుంచి దాటాలి. ఆగబోయే ముందు చెయ్యి పైకెత్తాలి, తిరగబోయే ముందు ఆ వైపు చెయ్యి చాపాలి. ఎడమకు తిరగాలంటే కార్లతో పాటు మధ్యలోకి వెళ్లకూడదు. నేరుగా కూడలి దాటి, అవతలి మూలన ఆగి, అక్కడి నుంచి తిరగాలి. బస్సు దిగేవాళ్లు నేరుగా సైకిల్ దారిలోకే అడుగుపెట్టే చోట సైకిలే ఆగాలి. పొద్దుగూకాక ముందూ వెనకా లైట్లు లేకపోతే జరిమానా పడుతుంది. మామూలు సైకిలుకు హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి కాదు, అయినా పెట్టుకోండి. ఇద్దరు స్నేహితులు పక్కపక్కనే తొక్కుతూ కబుర్లు చెప్పుకోవడం ఇక్కడివాళ్లకు చాలా చిరాకు, ఎందుకంటే వెనకవాళ్లు దాటలేరు.

రోడ్డు మీద ఒక్క బండి లేదు, అయినా ఎర్ర లైటు దగ్గర ఎందుకు నిలబడ్డారు?

లైటు ఎర్రగా ఉంది కాబట్టి. ముఖ్యంగా పిల్లలు పక్కన ఉంటే పెద్దలు అస్సలు దాటరు. మీరు దాటితే ఎవరూ ఏమీ అనరు, కానీ చూస్తారు.

రైల్లో అమ్మతో ఫోన్ మాట్లాడుతుంటే అందరూ అలా చూశారేంటి?

ముందు మీ తలపై ఉన్న బోర్డు చూడండి. దూరప్రయాణపు రైళ్లలో నిశ్శబ్దం కోసం విడిగా పెట్టిన బోగీలు ఉంటాయి, వాటిలో ఫోన్ మాట్లాడకూడదు, గుసగుసగా కూడా. మామూలు బోగీలో మాట్లాడొచ్చు. చిక్కు వచ్చేది స్పీకర్ పెట్టి వీడియో కాల్ చేసినప్పుడు. ఇక్కడ భారతీయుల మీద ఉన్న ఫిర్యాదుల్లో నాకు న్యాయంగా అనిపించేది ఇదొక్కటే. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, గొంతు తగ్గించి మాట్లాడితే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

సూపర్‌మార్కెట్ క్యాష్ కౌంటర్ దగ్గర వెనకావిడ నా వైపు అదోలా చూసింది. నేనేం చేశాను?

బహుశా బెల్టు మీద మీ సామాను వెనక అడ్డుపట్టీ పెట్టి ఉండరు. అక్కడ ఒక చిన్న కడ్డీ ఉంటుంది. మీ సరుకులు అయిపోయిన చోట దాన్ని పెడితే, వెనకవాళ్లు తమవి పెట్టడం మొదలుపెడతారు. ఇది చిన్న మర్యాద, కానీ అందరూ పాటిస్తారు. బిల్లు అయ్యాక సంచిలో సర్దేది మీరే, కాస్త చురుగ్గా సర్దాలి. మందుల షాపులో, బేకరీలో అయితే లోపలికి వెళ్లగానే మెషిన్ నుంచి నంబరు చీటీ తీసుకోండి. చీటీ లేకుండా ఎంతసేపు నిలబడినా మీ వంతు రాదు.

ఖాళీ సీసాల మెషిన్ దగ్గర ఎప్పుడూ జనమే. అంత డబ్బు వస్తుందా?

కూల్‌డ్రింకు, బీరు, నీళ్ల సీసాలు కొన్నప్పుడే డిపాజిట్ కడతాం. సీసా మీద ఎ అని ఉంటే 1 క్రోన్ (ఇక్కడి కరెన్సీ), బి అయితే ఒకటిన్నర, సి అయితే 3 క్రోన్లు. ఖాళీది మెషిన్‌లో వేస్తే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. చాలామంది నెలంతా ఇంట్లో పోగుచేసి ఒకేసారి రెండు పెద్ద సంచులతో వస్తారు, అందుకే క్యూ. కొత్త సంవత్సరం దాటిన వారంలో అటు వెళ్లకండి. పార్కులో తాగిన సీసాను చెత్తబుట్టలో కాకుండా పక్కన ఉండే అరలో పెట్టడం మర్యాద. సీసాలు ఏరుకుని బతికేవాళ్లు చెత్తలో చెయ్యి పెట్టే పని తప్పుతుంది.

ఇంటి నుంచి పెళ్లికార్డు, రాఖీ పోస్టులో పంపితే చేరతాయా?

చేరతాయి, కానీ పద్ధతి మారింది. 1624లో మొదలైన పోస్టు సేవ 2025 చివరితో ఉత్తరాలు పంచడం మానేసింది. వీధుల్లోని ఎర్ర పోస్టుడబ్బాలూ తీసేశారు. ఇప్పుడు ఉత్తరాలు అందించేది ప్రైవేటు సంస్థ. ప్రభుత్వ ఉత్తరాలు చాలావరకు 2014 నుంచే డిజిటల్ కావడంతో కాగితం ఉత్తరాలు దాదాపు లేకుండా పోయాయి. పెద్దవాళ్లకు ఇది బాధగానే ఉంది. మీరు చేయాల్సింది ఒకటే: ఇల్లు మారిన రోజునే మీ ఇంటి ఉత్తరాల డబ్బా మీద, తలుపు మీద మీ పేరు అతికించండి. పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. ఇంటి నుంచి పార్సిల్‌లో పాలతో, మాంసంతో చేసినవి పంపమనకండి, యూరోపియన్ యూనియన్ నియమాలు ఒప్పుకోవు.

"32వ వారంలో కలుద్దాం" అంటారు. అదేం లెక్క?

ఇక్కడ అందరూ ఏడాదిని వారాల నంబర్లతో లెక్కపెడతారు. వారం సోమవారంతో మొదలు, ఏడాదిలో మొదటి గురువారం ఉన్నది ఒకటో వారం. బడి సెలవులు, ఆఫీసు మీటింగులు, డాక్టర్ అపాయింట్‌మెంట్లు అన్నీ ఈ లెక్కనే. ఫిబ్రవరిలో 7 లేదా 8వ వారం శీతాకాలపు సెలవు. అక్టోబరులో 42వ వారం శరదృతువు సెలవు, ఒకప్పుడు పిల్లలు పొలాల్లో బంగాళాదుంపలు తవ్వడానికి ఇచ్చినది. జూలైలో 28 నుంచి 30వ వారం దాకా దేశం సగం మూతపడుతుంది, ఆ రోజుల్లో ఈమెయిల్‌కు జవాబు రాకపోతే కంగారు పడకండి. ఫోన్ క్యాలెండర్‌లో వారం నంబరు కనబడే సెట్టింగు ఆన్ చేసుకుంటే చాలు.

## ఇల్లు, ఇరుగుపొరుగు

బట్టలుతికే గదిలో పది నిమిషాలు ఎక్కువ ఉంటే గొడవా?

చాలా అపార్ట్‌మెంట్లలో వాషింగ్ మెషిన్లు బేస్‌మెంట్‌లో ఉమ్మడిగా ఉంటాయి. బోర్డు మీదో యాప్‌లోనో సమయం రాసుకోవాలి. మీ పది నిమిషాలు తర్వాతివాళ్ల సమయంలోంచి పోతాయి, వాళ్లది ఆ తర్వాతివాళ్ల దాంట్లోంచి. ఎవరూ మీ తలుపు కొట్టరు, గోడ మీద చీటీ అంటిస్తారు. డ్రయ్యర్‌లో పేరుకున్న నూగు తీయకుండా వెళ్లిపోవడం ఇంకా పెద్ద నేరం.

పోపు వాసనకు పక్కింటివాళ్లు ఏమైనా అంటారా?

ఎండుమిరపకాయలు మాడితే మెట్ల దారంతా దగ్గుతారు, అది నిజం. మూత పెట్టి, చిమ్నీ ఆన్ చేసి, కిటికీ తెరిచి వేయండి. ఇంట్లో పార్టీ ఉంటే రెండు మూడు రోజుల ముందు కింద తలుపు దగ్గర చీటీ పెట్టడం ఇక్కడి పద్ధతి: ఫలానా రోజు సందడి ఉంటుంది, ఇబ్బందైతే ఈ నంబరుకు ఫోన్ చేయండి అని. వినాయక చవితికీ దీపావళికీ ఇలా చీటీ పెట్టిన తెలుగువాళ్లకు ఫిర్యాదులు రావడం నేను చూడలేదు. పులిహోర పంపితే మరీ మంచిది.

అంత చలిలో పసిపిల్లల్ని బయట బండిలో ఎలా పడుకోబెడతారు?

చల్లని గాలిలో పిల్లలు బాగా నిద్రపోతారని ఇక్కడ తరాలుగా నమ్మకం. దళసరి దుప్పట్లు, ఉన్ని దుస్తులు వేసి, ఇంటి పెరట్లోనో కేఫ్ కిటికీ బయటో బండి ఉంచుతారు. చాలామంది బేబీ మానిటర్ కూడా పెడతారు. 1997లో న్యూయార్క్‌లో ఒక డేనిష్ తల్లి ఇలాగే రెస్టారెంటు బయట బిడ్డను ఉంచినందుకు పోలీసులు అరెస్టు చేశారు. డెన్మార్క్‌లో అందరూ నివ్వెరపోయారు. మనవాళ్లు ఈ తల్లుల్ని నిర్లక్ష్యపు మనుషులనడం నాకు నచ్చదు. ఆ వీధిని నమ్మగలిగినవాళ్లే అలా చేయగలరు.

## ఆఫీసులో

నా పుట్టినరోజున ఎవరూ కేక్ తేలేదు. నన్ను ఎవరూ లెక్కచేయట్లేదా?

అలా కాదు. పుట్టినరోజు ఎవరిదో కేక్ తెచ్చేది వాళ్లే. మీ టేబుల్ మీద ఎవరైనా చిన్న డేనిష్ జెండా పెట్టి ఉండొచ్చు, అది శుభాకాంక్ష. ఇక్కడ జెండా ప్రభుత్వ కార్యక్రమాలకే పరిమితం కాదు, కేకుల మీద, క్రిస్మస్ చెట్టు మీద, విమానాశ్రయంలో బంధువుల చేతుల్లో కూడా కనబడుతుంది. శుక్రవారం ఉదయం వంతులవారీగా అందరికీ బన్నులు, వెన్న, చీజ్, జామ్ తెచ్చే అలవాటు చాలా ఆఫీసుల్లో ఉంది. మీ వంతు మరచిపోకండి. సున్నుండలో కజ్జికాయలో తెస్తే ఆ శుక్రవారం ఏడాదంతా గుర్తుంటుంది.

సాయంత్రం నాలుగింటికే అందరూ వెళ్లిపోతారు. నేను కూడా వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. వారానికి 37 గంటల పని మామూలు. పిల్లల్ని డేకేర్ నుంచి తీసుకురావాలి. ఆలస్యంగా కూర్చుంటే మెచ్చుకోరు, పని సరిగ్గా పంచుకోలేకపోతున్నారేమో అనుకుంటారు. భోజనం మాత్రం త్వరగా, పదకొండున్నరకే, అరగంటలో ముగుస్తుంది.

బాస్‌ను "సర్" అంటే ఎందుకు ఇబ్బంది పడ్డారు? మన విజయాలు చెప్పుకోకూడదా?

ప్రొఫెసరైనా డైరెక్టరైనా పేరు పెట్టి పిలవడమే ఇక్కడ మర్యాద. "సర్" అంటే దూరం పెట్టినట్టు ఉంటుంది. దీని వెనక "యాంటే నియమాలు" అని ఒక మాట వింటారు. డెన్మార్క్‌లో పుట్టి నార్వేలో స్థిరపడిన ఆక్సెల్ శాండెమోసే 1933లో రాసిన నవలలోని చిన్న ఊరి పేరు యాంటే. ఎవరూ తాము మిగతావాళ్లకన్నా గొప్ప అనుకోకూడదన్నది ఆ ఊరి కట్టుబాటు. రచయిత దాన్ని విమర్శిస్తూ రాశాడు. జనం మాత్రం తమ స్వభావానికి పేరుగా పెట్టుకున్నారు. ఇంటర్వ్యూలో "టీమ్‌తో కలిసి ఇది చేశాం" అంటే వింటారు, "నేనే నంబర్ వన్" అంటే ముఖం ముడుచుకుంటారు. అలా అని చేసిన పని దాచుకోకండి, అంకెలతో సహా ఉన్నదున్నట్టు చెప్పండి.

## తిండి, చిరుతిండి

ఆ నల్ల మిఠాయి నోట్లో పెట్టుకోగానే ఉమ్మేయాలనిపించింది. దాన్ని ఎలా తింటారు?

అది ఉప్పు లాక్రిస్. అతిమధురం వేరు రసానికి అమ్మోనియం క్లోరైడ్ కలిపి చేస్తారు. అంటే మన ఊళ్లలో ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్లు వాడే నవాసాగరం. మిఠాయిలో వాడేది తినడానికి తగినంత శుద్ధమైనదీ కొద్దిపాటిదీ అయినా, ఆ ఘాటు మాత్రం అదే. డెన్మార్క్, స్వీడన్, నార్వే, ఫిన్లాండ్, ఐస్‌లాండ్, నెదర్లాండ్స్, ఉత్తర జర్మనీ దాటితే ప్రపంచంలో దీన్ని ఇష్టపడేవాళ్లు అరుదు. ఇక్కడ మాత్రం పసితనం నుంచే మొదలు. ఐస్‌క్రీమ్‌లో, చాక్లెట్‌లో, దగ్గు బిళ్లల్లో కూడా ఉంటుంది.

కొత్తగా వచ్చినవాళ్లకు ఇది తినిపించి ముఖం చూడటం వాళ్లకు సరదా. ఉమ్మేసినా ఎవరూ నొచ్చుకోరు. ఇష్టపడాలని ఉంటే నాణెం ఆకారంలో ఉండే గట్టి ఉప్పు బిళ్లలతో మొదలుపెట్టకండి, చాక్లెట్ పూసిన తియ్యని రకంతో మొదలుపెట్టండి. బీపీ ఉన్నవాళ్లు రోజూ తినకూడదు. అతిమధురం ఎక్కువైతే రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది.

పిల్లలకు శుక్రవారమే మిఠాయిలు పెడతారట, ఎందుకు?

వారం మధ్యలో తీపి వద్దని, పళ్ల కోసం. శుక్రవారం సాయంత్రం సూపర్‌మార్కెట్‌లో రకరకాల మిఠాయిల డబ్బాల ముందు పిల్లలు పారలు పట్టుకుని కాగితపు సంచులు నింపుకుంటారు, తూకం వేసి అమ్ముతారు. ఇంటికెళ్లి కుటుంబమంతా టీవీ ముందు కూర్చుంటారు. స్వీడన్‌లో ఇదే శనివారం. శాకాహారులు ఒక సంగతి చూసుకోవాలి: మెత్తగా సాగే మిఠాయిల్లో చాలావరకు జెలటిన్ ఉంటుంది, అది తరచూ పంది నుంచి తీసినది. డబ్బా మీద పదార్థాల జాబితా తప్పక ఉంటుంది, చదవండి.

రొట్టె మీద చాక్లెట్ బిళ్ల పెట్టుకుని తినడం చూశాను. అది భోజనమా?

పిల్లలకు అవును. పల్చని రేకుల్లా చేసిన చాక్లెట్‌ను వెన్న రాసిన రొట్టె మీద పరచి తింటారు. ఆ ఆకారంలోనే ప్యాకెట్లలో దొరుకుతుంది. పెద్దవాళ్లు కూడా ఎవరూ చూడనప్పుడు తింటారు.

మధ్యాహ్నం ఆ నల్లటి పుల్లని రొట్టె తినలేకపోతున్నాను. ఏం చేయాలి?

రై రొట్టె అది. రై గింజలతో, పులియబెట్టిన పిండితో చేస్తారు. ఒక్క ముక్క తింటే సాయంత్రం దాకా ఆకలి వేయదు. ఎక్కువ బడుల్లో వేడి భోజనం ఉండదు కాబట్టి పిల్లలు, పెద్దలు డబ్బాలో తెచ్చుకునేది ఇదే. పైన పూసుకునేది ఎక్కువగా కాలేయపు ముద్ద, పందిమాంసం, చేప. శాకాహారులకు నేను చెప్పేది బంగాళాదుంప రకం: ఉడికించిన ముక్కలు వరసగా పేర్చి, మేయనేజ్, ఉల్లికాడల్లాంటి ఆకు, కరకరలాడే వేయించిన ఉల్లి. మేయనేజ్‌లో గుడ్డు ఉంటుంది, అది మాత్రం గుర్తుంచుకోండి. కాస్త ఆవకాయ రాసుకుంటే నిజంగా బాగుంటుంది.

వీధిలో ఎర్రటి సాసేజ్‌లు అమ్ముతారు. ఆ రంగేమిటి?

సాసేజ్ బళ్లు కోపెన్‌హేగన్‌లో 1921లో మొదలయ్యాయి. నిన్నటి మిగులు సాసేజ్‌లకు గుర్తుగా రంగు వేసి చవగ్గా అమ్మేవారని, ఆ రంగే తర్వాత నచ్చిందని చెప్పుకుంటారు. ఇప్పుడది చర్మం మీద రంగు మాత్రమే. ఎక్కువగా పందిమాంసం. పైన ఆవాల ముద్ద, కెచప్, పసుపు రంగు రెమోలాడ్ సాసు, ఉల్లి, తీపి దోసకాయ ఊరగాయ వేస్తారు. శాకాహార సాసేజ్ పెట్టే బళ్లు కోపెన్‌హేగన్‌లో ఉన్నాయి, అడగండి.

చిప్స్ వరసలోనే ఉబ్బిన తెల్లటి ముక్కల ప్యాకెట్లు కూడా ఉంటాయి. అవి వేయించిన పందితోలు. చూడటానికి అప్పడాల్లా ఉన్నాయని పొరపాటున కొనకండి.

మా ఇంట్లో సూదీదారం పెట్టుకునే నీలం డబ్బా బిస్కెట్లు అక్కడ అందరూ తింటారా?

ఆ వెన్న బిస్కెట్లు డెన్మార్క్‌లోనే పుట్టినా ఎక్కువగా విదేశాలకు వెళ్తాయి. ఇక్కడ రోజూ టీతో తినేవాళ్లు తక్కువ. క్రిస్మస్‌కు ఇంట్లో చేసే వెనిలా బిస్కెట్లు ఆ కుటుంబానివే, గుండ్రంగా మధ్యలో చిల్లుతో ఉంటాయి. డబ్బాలో బటన్లు దాచుకునే అలవాటు ఇక్కడి అమ్మమ్మలకూ ఉంది.

"డేనిష్ పేస్ట్రీ" అని అడిగితే బేకరీలో అర్థం కాలేదు. ఎందుకు?

ఇక్కడ దాన్ని వియన్నా రొట్టె అంటారు. 19వ శతాబ్దం మధ్యలో డేనిష్ బేకర్లు సమ్మె చేస్తే యజమానులు ఆస్ట్రియా నుంచి పనివాళ్లను తెచ్చారు, వాళ్ల పద్ధతి నిలిచిపోయింది. దాల్చినచెక్క చుట్ట బుధవారం కొనండి, ఆ రోజు చాలా బేకరీలు తక్కువ ధరకు పెద్దవి అమ్ముతాయి. వేసవిలో అయితే మజ్జిగలో గుడ్డు, పంచదార, వెనిలా, నిమ్మ కలిపిన చల్లని గిన్నె, పైన నలిపిన చిన్న బిస్కెట్లు. ఎండ కాసిన రోజు సాయంత్రానికి షాపుల్లో అయిపోతుంది.

కూల్‌డ్రింకులు కొనడానికి జర్మనీ వెళ్తారా? పెట్రోలు దండగ కదా?

జర్మనీని ఆనుకుని ఉన్న జట్లాండ్ ద్వీపకల్పంలో, దాని దక్షిణాన ఉండేవాళ్లకు, అటు ప్రయాణం ఉన్నవాళ్లకు దండగ కాదు. డెన్మార్క్‌లో మద్యం మీద పన్నులు ఎక్కువ, వ్యాట్ 25 శాతం. సరిహద్దు దాటగానే డేనిష్ వాళ్ల కోసమే కట్టిన పెద్ద దుకాణాలు ఉన్నాయి. డిక్కీ నిండా డబ్బాలు వేసుకొస్తారు. 2011 అక్టోబరులో ప్రభుత్వం సంతృప్త కొవ్వు మీద కిలోకు 16 క్రోన్ల పన్ను వేసింది, వెన్న, చీజ్ ధరలు పెరిగాయి, సరిహద్దు షాపింగు గురించి గోల మొదలైంది. 2013 జనవరి నుంచి ఆ పన్ను తీసేశారు.

వసంతంలో ఒక గురువారం అందరూ వేడి గోధుమ బన్నులు తింటున్నారు. ఏం పండుగ?

మహా ప్రార్థనా దినం ముందు రోజు అది. ఈస్టర్ తర్వాత నాలుగో శుక్రవారం ఆ సెలవు, 1686 నుంచి ఉండేది. ఆ రోజు బేకర్లు పని చేయకూడదు కాబట్టి ముందు రోజే బన్నులు చేసి ఉంచేవారు, జనం వేడి చేసుకుని తినేవారు. యాలకుల వాసనతో, కాల్చి వెన్న రాసి తింటే చాలా బాగుంటాయి. రక్షణ ఖర్చుకు డబ్బు కావాలంటూ 2023లో పార్లమెంటు ఈ సెలవు రద్దు చేసింది, 2024 నుంచి అది పనిదినం. మామూలుగా శాంతంగా ఉండే జనం వేలాదిగా పార్లమెంటు ముందుకు వచ్చారు. ఒక్క సెలవు కోసం ఇంత కోపమా అని మనవాళ్లు ఆశ్చర్యపోయారు. నాకు మాత్రం వాళ్ల బాధ న్యాయమనిపించింది. మూడు వందల ఏళ్లకు పైగా ఉన్న రోజును ఖర్చుల లెక్కలో తీసేశారు. బన్నులు మాత్రం ఇప్పటికీ దొరుకుతాయి.

## పిలుపులు, వేడుకలు

ఆరింటికి రమ్మన్నారు. ఆరున్నరకు వెళ్తే ఫరవాలేదా?

ఫరవాలేదు అనరు, ఎందుకంటే ఆరింటికి వంట బల్ల మీద ఉంటుంది. అయిదు నిమిషాలు ముందు చేరితే వీధిలో ఒక చుట్టు తిరిగి, సరిగ్గా ఆరింటికి బెల్ కొట్టండి. పూలో, చాక్లెట్లో చేతిలో ఉండాలి. మన ఇళ్లలోలాగే చాలా ఇళ్లలో చెప్పులు గుమ్మం దగ్గరే విడవాలి. శాకాహారులైతే పిలిచినప్పుడే చెప్పండి, పళ్లెం ముందు కూర్చున్నాక చెబితే ఇంటావిడ ఇబ్బంది పడుతుంది. తిన్నాక కృతజ్ఞత చెప్పడం, తర్వాత మళ్లీ కలిసినప్పుడు ఆ రోజు గురించి ఇంకోసారి చెప్పడం పద్ధతి. చెప్పకుండా ఇంటికి వెళ్లడం మాత్రం వద్దు, దగ్గర స్నేహితులైనా.

స్తంభానికి కట్టేసి ఒకబ్బాయి మీద దాల్చినచెక్క పొడి పోస్తున్నారు. ర్యాగింగా?

వేడుక. 25 ఏళ్లు వచ్చినా పెళ్లి కాకపోతే స్నేహితులు దాల్చినచెక్క పొడితో ముంచెత్తుతారు, 30కి మిరియాల పొడి. కళ్లద్దాలు పెడతారు, నీళ్లు కూడా పోస్తారు, అంటుకోవాలని. మీకు ఇష్టం లేకపోతే ముందే చెప్పండి, ఒప్పుకుంటారు.

## ఒకరి మీద ఒకరికున్న ముద్రలు

స్వీడన్ వాళ్ల పేరెత్తితే ఎందుకు నవ్వుతారు?

పక్కింటి పోటీ అది, శతాబ్దాల యుద్ధాలు కూడా ఉన్నాయి. స్వీడన్‌లో మద్యం చాలావరకు ప్రభుత్వ దుకాణాల్లోనే దొరుకుతుంది, ఆదివారం మూత. అందుకే వాళ్లు ఓడెక్కి డెన్మార్క్ వచ్చి తాగి పడిపోతారని డేనిష్ వాళ్ల ముద్ర. దేశం శుభ్రంగా ఉండాలంటే ఒక స్వీడిష్ మనిషిని ఓడ దాకా దిగబెట్టండి అనే పాత నానుడి ఉంది. స్వీడన్ వాళ్లు అన్నిటికీ నియమాలు పెట్టుకుంటారనేది ఇంకో మాట. స్వీడన్ వైపు నుంచి చూస్తే డేనిష్ వాళ్లు గొంతులో వేడి బంగాళాదుంప పెట్టుకుని మాట్లాడతారు, తాగడంలో పొగ తాగడంలో అదుపు లేదు. 2000లో రెండు దేశాల్నీ కలిపే ఓరెసుండ్ వంతెన తెరిచాక ఈ మాటలు అనుకుంటూనే రోజూ అటూ ఇటూ ఉద్యోగాలకు వెళ్తున్నారు.

నార్వే, జర్మనీ వాళ్ల గురించి ఏమంటారు?

నార్వే వాళ్లంటే ఒకప్పటి తమ్ముళ్లు, 1814 దాకా డెన్మార్క్ రాజు కిందే ఉండేవాళ్లు, ఇప్పుడు చమురుతో ధనవంతులయ్యారు, ఎప్పుడూ కొండలెక్కుతుంటారు. నార్వే వాళ్లు తిరిగి ఆటపట్టించేది డెన్మార్క్ కొండల్ని. ఆకాశపు కొండ అని పేరు పెట్టుకున్నది 147 మీటర్ల ఎత్తు, దేశంలోకెల్లా ఎత్తైన సహజ స్థలం 171 మీటర్లు కూడా లేదు.

జర్మనీ గురించి హాస్యం కాస్త జాగ్రత్తగా ఉంటుంది. 1864 యుద్ధంలో జర్మన్ల చేతిలో ఓటమి, 1940 నుంచి 1945 దాకా జర్మన్ ఆక్రమణ జనం జ్ఞాపకంలో ఉన్నాయి. ఇప్పటి ముద్ర వేసవిది: పశ్చిమ తీరంలో ఇళ్లు అద్దెకు తీసుకుని, ఇసుకలో లోతైన గుంటలు తవ్వుకుని కూర్చునే కుటుంబాలు. ఆ వేసవి ఇళ్లు విదేశీయులు సులువుగా కొనలేరు. యూరోపియన్ యూనియన్ ఒప్పందంలో డెన్మార్క్ ప్రత్యేకంగా ఆ మినహాయింపు పెట్టించుకుంది.

దేశంలోపల కూడా ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటారా?

బాగా. జట్లాండ్ వాళ్లు మితభాషులని, అద్భుతమైన విందు తిన్నా "అంత చెడ్డగా లేదు" అంటారని రాజధాని వాళ్ల మాట. కోపెన్‌హేగన్ వాళ్లకు గర్వమని, కాఫీకి ఎక్కువ డబ్బు ఇస్తారని జట్లాండ్ మాట. ఆర్హుస్ నగరం మీద తెలివితక్కువ జోకులు ఎన్నో. వాటికన్నా పాతవి మోల్స్ ప్రాంతం కథలు, అవి మన పరమానందయ్య శిష్యుల కథలకు తోబుట్టువులు. పొలంలో కొంగ చేను తొక్కుతోంది. తరమడానికి పశువుల కాపరి వెళ్తే వాడి కాళ్లు పెద్దవి, చేను ఇంకా పాడవుతుంది. అందుకని గేటు ఊడదీసి, వాడిని దానిమీద కూర్చోబెట్టి, ఎనిమిది మంది మోసుకుంటూ పొలంలోకి వెళ్లారు. ఇంకో కథలో శత్రువులకు దొరక్కుండా గుడి గంటను సముద్రంలో వేసి, తర్వాత వెతకడానికి గుర్తుగా పడవ అంచున గాటు పెట్టారు. మోల్స్ వాళ్లే ఈ కథలు గర్వంగా చెబుతారు.

మన మీద వాళ్లకున్న ముద్ర ఏమిటి?

అందరూ ఐటీ వాళ్లే, అందరూ హిందీ మాట్లాడతారు, అందరూ ఘాటుగా తింటారు, పెళ్లి పెద్దలు కుదురుస్తారు. ఎక్కువగా కుతూహలంతోనే అడుగుతారు. తెలుగు అని చెప్పి, అది ఎన్ని కోట్లమంది భాషో చెబితే నిజంగా ఆశ్చర్యపోతారు, డెన్మార్క్ జనాభా అరవై లక్షలే. కొన్నిసార్లు అద్దె ఇంటి దగ్గరో ఉద్యోగం దగ్గరో పేరు చూసి వెనక్కి తగ్గేవాళ్లూ ఉంటారు, అది మొహమాటం అని సర్దుకోనక్కర్లేదు. అలాంటి చోట రాతపూర్వకంగా కారణం అడగండి.

స్నేహితులు ఎలా దొరుకుతారు? ఆఫీసు దాటితే ఎవరూ కలవరు.

వాళ్లలో చాలామందికి బడి నాటి స్నేహితులే జీవితాంతం ఉంటారు, కొత్తవాళ్లకు తలుపు అక్కడ తెరుచుకోదు. తెరుచుకునేది క్లబ్బులో. ఇక్కడ ఏ పనికైనా ఒక సంఘం ఉంటుంది: పాటలు, తోటపని, ఈత, కుట్టుపని. మనవాళ్లకు నేను ముందు చెప్పేది బ్యాడ్మింటన్. ప్రతి ఊళ్లో హాలు ఉంటుంది, ఓడెన్సేలో పుట్టిన విక్టర్ ఆక్సెల్సెన్ టోక్యో, పారిస్ ఒలింపిక్స్ రెండింటిలోనూ స్వర్ణం గెలిచాడు. 2017లో డెన్మార్క్ ఓపెన్ పురుషుల టైటిల్ గెలిచింది మన కిదాంబి శ్రీకాంత్, ఆ పేరు చెబితే క్లబ్బులో గుర్తుపట్టేవాళ్లు ఉంటారు. సీజన్ ఆగస్టు చివర, సెప్టెంబరులో మొదలవుతుంది కాబట్టి వేసవిలోనే పేరు నమోదు చేసుకోండి. ఆట అయ్యాక వెంటనే ఇంటికి పరుగెత్తకండి, కాఫీకి ఆగండి.